డ్రమ్ సీడర్, నాటు మిషన్, సీడ్ డ్రిల్: నల్లగొండ, పాలమూరు పొలాలకు ఏది నప్పుతుంది?

నాట్లకాలం వచ్చిందంటే నల్లగొండ జిల్లాలో ఏ ఊరికి పోయినా ఒకటే మాట: కూలీలు దొరకడం లేదు. సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు వదలగానే హాలియా, నిడమనూరు, మిర్యాలగూడ వైపు మడులన్నీ ఒకేసారి దమ్ముకు వస్తాయి. అందరికీ అదే రెండు వారాల్లో నాటు ముఠా కావాలి. గుత్త రేటు రోజురోజుకూ పెరుగుతుంది, ఇటు తుకం (నారుమడి) ముదురుతుంది. ఆ టెన్షన్‌లో ఒకాయన డ్రమ్ సీడర్ మంచిదంటాడు, ఇంకొకాయన మిషన్ నాటు వేయించమంటాడు, మూడో ఆయన పొడి దుక్కిలోనే ట్రాక్టర్‌కు సీడ్ డ్రిల్ కట్టి విత్తేస్తే ఈ బాధే ఉండదంటాడు. ముగ్గురూ తమ పొలంలో చూసిందే చెబుతున్నారు. అయితే వాళ్ల పొలానికి కుదిరింది మీ పొలానికి కుదరాలని లేదు.

వీటిలో ఏది గొప్పదని వాదించుకోవడం దండగని నా అభిప్రాయం. ప్రతి పరికరానికీ తగ్గ మడి ఒకటుంటుంది. అలాంటి మడి మీకు ఉంటే ఖర్చు నిజంగానే తగ్గుతుంది. లేకపోతే నాటు కూలీలో మిగిలిందంతా కలుపు కూలీకి పోతుంది. అందుకని ధరలు, సబ్సిడీల సంగతి తర్వాత చూద్దాం, ముందు పొలం సంగతి.

మడి చదును, నీళ్లు తీసే దారి

దమ్ము చేసిన మర్నాడు మడిలో పలచగా నీళ్లు పెట్టి ఒడ్డు మీద నిలబడి చూడండి. ఒక మూల బురద తేలి, ఇంకో మూల మడమ మునిగేంత నీళ్లు నిలిచాయంటే ఆ మడి నేరుగా విత్తడానికి తయారు కాలేదని అర్థం. పల్లంలో పడ్డ మొలక గింజ నీళ్లలో మురిగిపోతుంది. మెరక మీద వరి కంటే ముందే ఊద కలుపు లేస్తుంది. చేత్తో నాటిన పొలంలో ఈ తేడా అంతగా బయటపడదు. ఎదిగిన నారు రెండంగుళాల నీళ్లను తట్టుకుంటుంది, ఆ నీళ్లే కలుపును అణచిపెడతాయి. గింజ వేసిన మడిలో మొదటి వారం ఆ నీళ్లు పెట్టే వీలే ఉండదు. కాబట్టి నేరుగా విత్తాలని మనసులో ఉంటే ఎండాకాలంలోనే లేజర్ లెవెలర్ కిరాయికి తెచ్చి చదును చేయించుకోండి. ఒకసారి సరిగ్గా చేయిస్తే కొన్నేళ్లు పనికొస్తుంది, నీళ్లూ కలిసి వస్తాయి. అసలు యంత్రం కొనే ముందు ఈ పనికి డబ్బు పెట్టిన రైతు తెలివైనవాడని అంటాను.

రెండోది నీళ్లు తీయడం. పెట్టడం కాదు, తీయడం. కాల్వ కింద చాలాచోట్ల నీళ్లు మడి నుంచి మడికి పారతాయి. పై రైతు తన మడి నింపి గండి తీస్తే మీ మడి నిండుతుంది, మీరు తీస్తే కింది వాళ్లది నిండుతుంది. డ్రమ్ సీడర్‌తో గింజ వేశాక వారం పది రోజులు మడి తడిగా ఉండాలే తప్ప నీళ్లు నిలవకూడదు. పైవాళ్లు నాట్ల కోసం రాత్రికి రాత్రి నీళ్లు వదిలితే మధ్య మడి రైతు ఏం చేయగలడు? విడిగా పిల్లకాల్వ, విడిగా మురుగు దారి లేని మడికి నేరుగా విత్తే పద్ధతి నేను చెప్పను. అక్కడ నాటు మిషనే మేలు. అదే మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు బోరు కింద వరి వేసే వాళ్లకు నీళ్లు తమ స్టార్టర్ చేతిలోనే ఉంటాయి. కరెంటు ఉంటే కావాల్సినప్పుడు పెట్టొచ్చు, వద్దనుకుంటే ఆపొచ్చు. నేరుగా విత్తడానికి ఆ పొలాలు బాగా సరిపోతాయి.

మట్టి సంగతి ఒక్క మాటలో: చౌడు పొలంలో గింజ నేరుగా వేయకండి. మొలక దశలో వరి చౌడును తట్టుకోలేదు.

చేత్తో చల్లడం

ఇది అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. ఖర్చు లేదు, మండె కట్టిన (నానబెట్టి మొలక రప్పించిన) వడ్లు చల్లితే ఎకరం గంటలో అయిపోతుంది. అసలు ఇబ్బంది తర్వాత మొదలవుతుంది. వరుస ఉండదు కాబట్టి కలుపు తీసే వీడర్ తిరగదు, కలుపు మందు పని చేయకపోతే ఇక చేతులతోనే తీయాలి. ఒక్కో చోట గుంపుగా, ఒక్కో చోట బోసిగా వస్తుంది. విత్తనం కూడా ఎక్కువ పడుతుంది. అరెకరం మడికి సరే, నాలుగెకరాలకు ఈ దారి వద్దు.

డ్రమ్ సీడర్

నాలుగు ప్లాస్టిక్ డ్రమ్ములు, రెండు పక్కలా రెండు చక్రాలు, లాగడానికి ఒక పిడి. ఒక్కో డ్రమ్ముకు రెండు అంచుల్లో రంధ్రాలుంటాయి కాబట్టి ఒకసారికి 8 వరుసలు పడతాయి, వరుసకు వరుసకు 20 సెంటీమీటర్లు. ఖాళీగా ఉన్నప్పుడు ఒక్క మనిషి ఎత్తుకుని ఒడ్డు దాటించగలంత తేలిక. ధర కూడా చాలాచోట్ల పది వేల లోపే. సొంతంగా కొనుక్కోదగ్గ యంత్రం ఇందులో ఏదైనా ఉందంటే ఇదే. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు కలిసి కొన్నా ఎవరికీ భారం కాదు.

విత్తనం ఎకరాకు 10 నుంచి 12 కిలోలు చాలు. చేతి నాటుకు తుకం పోసేటప్పుడు 20 నుంచి 25 కిలోలు పోస్తాం, అందులో సగమే. తుకం ఖర్చు, నారు పీకే కూలీ, నాటు కూలీ మూడూ మిగులుతాయి. నారు పీకి మళ్లీ నాటే దెబ్బ ఉండదు కాబట్టి పంట వారం పది రోజులు ముందే కోతకు వస్తుంది. యాసంగికి తొందరపడే పొలంలో ఆ పది రోజులకు చాలా విలువ ఉంది.

ఇంత లాభం ఉన్నా చాలామంది ఒక్కసారి వేసి వదిలేస్తున్నారు. కారణాలు రెండే: మండె సరిగ్గా కట్టకపోవడం, మొదటి కలుపు మందు తేదీ తప్పిపోవడం.

మండె గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వడ్లు 24 గంటలు నానబెట్టి, నీళ్లు వార్చి, గోనె సంచిలో 24 గంటలు మండె కడితే వానాకాలంలో ముక్కు పగిలి తెల్లగా మొలక కనిపిస్తుంది. అంతే చాలు, అక్కడే ఆపాలి. మొలక ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి సాగితే గింజలు ఒకదానికొకటి చిక్కుకుంటాయి, రంధ్రాల్లోంచి రాలవు, రాలినవి కూడా మొలక విరిగి రాలతాయి. యాసంగి చలిలో మొలక ఆలస్యంగా వస్తుంది, గోరువెచ్చని నీళ్లు చల్లి గడ్డి కప్పాల్సి వస్తుంది. అప్పుడు గడియారం చూడకుండా సంచి విప్పి గింజను చూడండి. డ్రమ్ములో పోసే ముందు అరగంట నీడలో ఆరబెట్టాలి, తడి గింజ డ్రమ్ము గోడకు అంటుకుంటుంది. డ్రమ్మును మూడింట రెండు వంతులే నింపాలి. నిండా పోస్తే లోపల గింజ దొర్లదు, రాలేదీ సరిగ్గా రాలదు. కొన్ని డ్రమ్ముల మీద త్రికోణం గుర్తు ఉంటుంది, దాని మొన నడిచే వైపు ఉండేలా బిగించాలి. ఈ చిన్న విషయం పట్టించుకోకుండా తిరగేసి బిగించి, యంత్రమే పనికిరాదనే వాళ్లున్నారు.

దమ్ము అయిన వెంటనే లాగకండి. బురద ఒక రోజు పేరుకోనిచ్చి, నీళ్లు తీసేసి, పైన సన్నటి తడి పొర ఉండగా లాగాలి. బురద మరీ పలచగా ఉంటే గింజ లోపలికి దిగిపోతుంది, గట్టిపడితే చక్రం తిరగకుండా జారుతుంది. విత్తనం లెక్క సరిగ్గా పడుతోందా అని తెలుసుకోవడానికి గుంటే మంచి కొలత: ఎకరాకు 10 కిలోలంటే గుంటకు పావు కిలో పొడి వడ్లు. పావు కిలో పొడి వడ్లను విడిగా మండె కట్టి, డ్రమ్ములకు సమానంగా పోసి ఒక గుంట లాగి చూడండి. ముందే అయిపోతే కొన్ని రంధ్రాలను రబ్బరు పట్టీతో మూయాలి. లాగే మనిషికి ఇది తేలిక పని కూడా కాదు. యంత్రం వెడల్పు 1.6 మీటర్లు కాబట్టి ఎకరం పూర్తయ్యేసరికి బురదలో రెండున్నర కిలోమీటర్లు నడవాలి. ఇద్దరు మార్చుకుంటూ లాగితే రోజుకు రెండు రెండున్నర ఎకరాలు అవుతుంది.

ఇక కలుపు. విత్తిన 3 నుంచి 5 రోజుల మధ్య ప్రెటిలాక్లోర్ వేయాలి, అయితే సేఫ్‌నర్ (వరి మొలకను మందు దెబ్బ నుంచి కాపాడేది) కలిసిన రకమే. నాటేసిన పొలాలకు వాడే మామూలు ప్రెటిలాక్లోర్ వేస్తే కలుపుతో పాటు వరి మొలక కూడా పోతుంది. షాపులో పేరు ఒకేలా వినిపిస్తుంది, డబ్బా మీద సేఫ్‌నర్ అని ఉందో లేదో చదివించుకుని తీసుకోండి. తర్వాత 15 నుంచి 20 రోజుల్లో, కలుపు రెండు నుంచి నాలుగాకుల మీద ఉన్నప్పుడు, బిస్‌పైరిబాక్ సోడియం ఎకరాకు 100 మిల్లీలీటర్లు, నీళ్లు తీసేసి పిచికారీ చేసి రెండు రోజులకు మళ్లీ నీళ్లు పెట్టాలి. ఈ రెండు తేదీలకు పొలంలో ఉండలేని రైతు, ఉదాహరణకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఆదివారం ఊరికొచ్చే రైతు, డ్రమ్ సీడర్ జోలికి పోకపోవడమే మంచిది.

వాన భయం కూడా ఉంది. గింజ వేసిన మూడు రోజుల్లోపు గట్టి వాన పడితే వరుసలు కొట్టుకుపోయి మూలకు చేరతాయి. ముసురు పట్టే సూచన ఉంటే మండె కట్టడమే ఒక రోజు వాయిదా వేయండి. మండె కట్టిన గింజ ఆగదు. పడిపోయే రకాలు కూడా వద్దు, గింజ పైపైనే ఉంటుంది కాబట్టి వేరు పట్టు కొంత తక్కువ.

నాటు మిషన్

దీంట్లో నడుస్తూ తోలేవి, కూర్చుని తోలేవి అని రెండు రకాలు. నడుస్తూ తోలేది ఎక్కువగా నాలుగు వరుసలది, కూర్చుని తోలేవి ఆరు, ఎనిమిది వరుసలవి. నడుస్తూ తోలేదాని ధరే లక్షల్లో ఉంటుంది, కూర్చుని తోలేది అంతకు కొన్ని రెట్లు. ఐదారెకరాల రైతు కొనే వస్తువు కాదిది, కిరాయికి పిలిపించుకోవాల్సిందే.

దీని గుణం ఏంటంటే చేతి నాటులో ఉన్న భద్రతంతా ఇందులోనూ ఉంటుంది. నారు నీళ్లలో నిలబడుతుంది, నీళ్లు కలుపును అణచిపెడతాయి, మడి నుంచి మడికి పారే చోట కూడా పెద్దగా భయం లేదు. పైగా వరుసలు తిన్నగా ఉంటాయి కాబట్టి వీడర్ తిప్పొచ్చు, గాలి ఆడుతుంది.

కష్టమంతా నారులో ఉంది. మామూలు తుకం నుంచి పీకిన నారు ఈ మిషన్‌కు పనికిరాదు. జల్లెడ పట్టిన మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, ట్రేల్లో రెండు సెంటీమీటర్ల మందాన పోసి, దాని మీద మండె వడ్లు సమానంగా చల్లి, చాపలాగా నారు పెంచాలి. ఎకరాకు 80 నుంచి 100 ట్రేలు కావాలి. ట్రేలన్నీ పరిచినా గుంటలో ఆరో వంతు చోటు కూడా దాటదు, కాబట్టి ఇంటి పక్క జాగాలోనే పెంచుకోవచ్చు, నీళ్లు పెట్టడం ఆడవాళ్లకూ పెద్దవాళ్లకూ తేలిక. విత్తనం 12 నుంచి 15 కిలోలు. నారు 15 నుంచి 20 రోజుల్లో, మూడు నాలుగు ఆకుల మీద నాటేయాలి. మట్టిలో చిన్న రాయి ఉన్నా మిషన్‌లో నారు తెంచే వేలు వంగుతుంది. ఎర్ర చెలక మట్టి వాడే పాలమూరు రైతులు జల్లెడ రెండుసార్లు పట్టడం మంచిది.

వయసు దాటితే ఏమవుతుందో గమనించండి. వేర్లు చాపలో పూర్తిగా అల్లుకుపోతాయి, మిషన్ వేలు ఒక్కో కుదురుకు రెండు నాలుగు మొక్కలు తెంచాల్సింది పోయి ఏడెనిమిది లాగుతుంది, లేదా ఏమీ తెంచకుండా ఖాళీ కుదురు పెట్టి పోతుంది. అందుకే మిషన్ కిరాయి మాట్లాడుకునేది తుకం పోయకముందే. "అన్నా, నీ నారు రెడీ అయినప్పుడు ఫోన్ చేయి, వస్తా" అనే ఆపరేటర్ మాట నమ్మి ట్రేలు పోస్తే, సీజన్‌లో ఆయన ఇంకో మండలంలో ఉంటాడు. ఫలానా తేదీ, రెండు రోజులు అటూ ఇటూ అని మాట తీసుకుని, కొంత అడ్వాన్స్ ఇచ్చి, ఆ తేదీ నుంచి 18 రోజులు వెనక్కి లెక్కేసి వడ్లు నానబెట్టండి.

కుదుళ్ల దూరం గురించి ఆపరేటర్లు చెప్పని సంగతి ఒకటుంది. మన దగ్గర చదరపు మీటరుకు వానాకాలంలో 33 కుదుళ్లు, యాసంగిలో 44 కుదుళ్లు ఉండాలని వ్యవసాయ అధికారులు చెబుతారు. ఎక్కువ మిషన్లలో వరుసల మధ్య దూరం 30 సెంటీమీటర్లు, అది మారదు. కుదురుకు కుదురుకు 12 సెంటీమీటర్లు పెట్టినా 28 కుదుళ్లే వస్తాయి, 18 పెడితే 18 నుంచి 19 మాత్రమే. లేత నారు ఎక్కువ పిలకలు పెడుతుంది కాబట్టి వానాకాలంలో 28తో దిగుబడి తగ్గదు. యాసంగిలో పిలకలు తక్కువగా వస్తాయి. అప్పుడు దగ్గర సెట్టింగే పెట్టమని గట్టిగా అడగాలి. దూరం పెడితే ట్రేలు తక్కువ పడతాయి, పని త్వరగా అవుతుంది, అందుకని ఆపరేటర్‌కు అటువైపే మొగ్గు ఉంటుంది. వరుసలు 24 సెంటీమీటర్ల దగ్గర పడే ఎనిమిది వరుసల మిషన్లు కూడా ఉన్నాయి. అవి దొరికితే యాసంగికి వాటినే చూడండి.

దమ్ము తర్వాత ఎర్ర నేలలో ఒక రోజు, నల్లరేగడిలో రెండు మూడు రోజులు మట్టి పేరుకోనివ్వాలి. పలచని బురదలో మిషన్ తోస్తే ముందు వేసిన వరుస మీదికి బురద కెరటం వచ్చి నారును ముంచేస్తుంది. మోకాలి లోతు దిగబడే మడుల్లోకి అసలు దించకండి. ఒడ్ల దగ్గర, మూలల్లో మిషన్ తిరగని చోటు ఎలాగూ మిగులుతుంది, దానికి నాలుగైదు ట్రేలు, ఇద్దరు కూలీలు పక్కన పెట్టుకోండి. గుంట, రెండు గుంటల చిన్న చిన్న మడులైతే మిషన్ పని చేసే సమయం కంటే తిరిగే సమయమే ఎక్కువవుతుంది. అలాంటి పొలానికి డ్రమ్ సీడరో చేతి నాటో మంచిది.

పొడి దుక్కిలో సీడ్ డ్రిల్

ఈ పద్ధతి నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగిస్తుంది, ఎందుకంటే ఇది మన నీళ్ల కష్టాన్ని నేరుగా ముట్టుకుంటుంది. కాల్వకు నీళ్లు ఎప్పుడొస్తాయో కృష్ణా పైన కురిసే వానను బట్టి ఉంటుంది. శ్రీశైలం నిండి సాగర్‌కు వచ్చేసరికి కొన్నేళ్లు ఆగస్టు దాటుతుంది. పొడి దుక్కి చేసి, మృగశిర, ఆరుద్ర వానలకు ట్రాక్టర్ డ్రిల్‌తో వడ్లు విత్తేస్తే వరి నెల రోజులు మెట్ట పంటలాగా వాన మీద పెరుగుతుంది. కాల్వ వచ్చాక ఒడ్లు కట్టి నీళ్లు పెట్టుకోవచ్చు. దమ్ము లేదు, తుకం లేదు, నాటు లేదు. కాల్వ చివరి భూముల వాళ్లు, కల్వకుర్తి ఎత్తిపోతల కింద కొత్తగా వరిలోకి వచ్చిన వాళ్లు దీన్ని ఒక ఎకరంలోనైనా చూడాలి.

ఎకరాకు 10 నుంచి 15 కిలోలు, లోతు రెండు మూడు సెంటీమీటర్లు. లోతు దాటితే మొలక పైకి రాలేదు. ఎర్ర నేలలో విత్తిన వెంటనే జోరు వాన పడి ఎండ కాస్తే నేల పైన పెచ్చు కడుతుంది, అది మొలకను ఆపేస్తుంది. అప్పుడు తేలిక గుంటుకో ముళ్ల కంపో తోలి పెచ్చు పగలగొట్టాలి. విత్తిన ఒకటి రెండు రోజుల్లో, నేల తడిగా ఉండగా పెండిమిథాలిన్ చల్లాలి, తర్వాత బిస్‌పైరిబాక్. దీంట్లో కలుపు డ్రమ్ సీడర్ కంటే కూడా ఎక్కువ. తుంగ బాగా ఉన్న పొలంలో పెట్టకండి. మునుపటి పంటలో రాలిన వడ్లు కూడా మొలిచి కేళీలు (వేరే రకం మొక్కలు) అవుతాయి. అందుకని మొదటి వానకు మొలిచినదంతా ఒకసారి దున్ని చంపి, రెండో పదునుకు విత్తడం మంచిది. చెలకల్లో ఇరవై రోజుల మొక్క లేత ఆకు తెల్లబారితే అది ఎక్కువసార్లు ఇనుము లోపమే. యూరియా చల్లితే పోదు, అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్)లో కొద్దిగా నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయాలి. దుబ్బ నేలల్లో నీళ్లు నిలవవు కాబట్టి అక్కడ ఈ పద్ధతితో వరి ఆశించడం వృథా.

డ్రిల్‌తో విత్తనం లెక్క కట్టడం పది నిమిషాల పని, చేసేవాళ్లు మాత్రం తక్కువ. యంత్రాన్ని జాకీ మీద లేపి, నేల చక్రం చుట్టుకొలత టేపుతో కొలవండి. 9 చాళ్లు, చాలుకు చాలుకు 20 సెంటీమీటర్లు ఉంటే వెడల్పు 1.8 మీటర్లు. చక్రం చుట్టుకొలత 1.5 మీటర్లు అనుకుంటే ఒక చుట్టుకు 2.7 చదరపు మీటర్లు, 20 చుట్లకు 54 చదరపు మీటర్లు. ఎకరం 4,047 చదరపు మీటర్లు కాబట్టి 12 కిలోలు పడాలంటే ఈ 20 చుట్లకు 160 గ్రాములు రాలాలి. ప్రతి గొట్టం కింద ఒక సంచి కట్టి చక్రాన్ని చేత్తో 20 సార్లు తిప్పి తూకం వేయండి. ఒక్కో సంచిలో 18 గ్రాముల దగ్గర ఉండాలి. మొత్తం ఎక్కువైతే లీవర్ తగ్గించాలి. ఒక్క సంచిలోనే తక్కువైతే ఆ గొట్టంలో చెత్తో సాలీడు గూడో ఉంటుంది. ఈ పరీక్షకు డ్రైవర్ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. వరుస మధ్యలో బోసి పోయిందని మీకు తెలిసేసరికి పది రోజులవుతుంది, అప్పటికి పదును పోతుంది.

చెలకల్లో జొన్న, మొక్కజొన్న, కంది

ఇక్కడ పోటీ గొర్రుకూ ప్లాంటర్‌కూ మధ్య. ఎడ్ల గొర్రుతో జడ్డిగంలోకి (గింజ పోసే గిన్నెలోకి) గుప్పిట గింజ వదిలే చెయ్యి అనుభవమున్న చెయ్యి అయితే దాని పని ఇప్పటికీ బాగుంటుంది. అలాంటి చేతులు ఊర్లో తగ్గిపోతున్నాయి, ఎడ్లూ తగ్గిపోయాయి. ట్రాక్టర్ గొర్రు వెనక మనిషి కూర్చుని గింజ వదిలితే వేగానికి చెయ్యి అందుకోలేదు, గింజ గుంపుగా పడుతుంది. తర్వాత ఒత్తు తీయడానికి మళ్లీ కూలీలు కావాలి.

పళ్లెం వాలుగా ఉండే ప్లాంటర్ ఈ పంటలకు సరైనది. పళ్లెంలోని గుంటలు ఒక్కో గింజను తీసుకుని దూరం ప్రకారం వదులుతాయి. హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడా మెట్ట రైతుల కోసం ఇలాంటి వాటి మీద చాలా పని చేసింది. మొక్కజొన్న 60 సెంటీమీటర్ల వరుసలకు 20 సెంటీమీటర్ల దూరంలో ఎకరాకు 7 నుంచి 8 కిలోలు, జొన్న 45 సెంటీమీటర్ల వరుసలకు 3 నుంచి 4 కిలోలు సరిపోతాయి. ప్రైవేటు మొక్కజొన్న విత్తనం ధర తెలిసిన వాళ్లకు కిలో మిగిలినా ఎంతో అర్థమవుతుంది. దీనికి ఇంకో లాభం ఉంది. ఒక్కో వరుసకు విడి డబ్బా ఉంటుంది కాబట్టి రెండు వరుసల జొన్నకు ఒక వరుస కంది ఒకే తోలకంలో వేయొచ్చు. దక్షిణ తెలంగాణ ఎర్ర నేలలకు సిఫారసు చేసే అంతర పంట అదే. జొన్నకు ఒక పళ్లెం, కందికి ఒక పళ్లెం, మొక్కజొన్నకు ఇంకొకటి. పళ్లెం మార్చకుండా విత్తితే గింజ పగలడమో, రెండేసి పడడమో ఖాయం.

వరి కోశాక దున్నకుండా మొక్కజొన్న వేసే వాళ్లకు చేత్తో నెట్టే చక్రం విత్తన యంత్రం ఎకరం రెండెకరాలకు చాలు. తడి రేగడిలో దాని మూతులు మట్టితో మూసుకుపోతాయి, చెలక మళ్లకే పనికొస్తుంది.

కొనాలా, కిరాయికా?

నా లెక్క ఇలా ఉంటుంది. డ్రమ్ సీడర్ కొనండి. సీడ్ డ్రిల్, ప్లాంటర్ సొంత ట్రాక్టర్ ఉన్నవాళ్లే కొనాలి, అదీ 35 హార్స్‌పవర్ పైబడిన ట్రాక్టర్ ఉండి, చుట్టుపక్కల నాలుగు పొలాలకు కిరాయికి తిప్పే ఓపిక ఉంటేనే. ఏడాదికి పది రోజులు తిరిగే యంత్రం మిగతా రోజులు షెడ్డులో తుప్పు పడుతుంది. నాటు మిషన్ ఒక్కరు కొనడం తప్పని అనను గానీ, సొసైటీగానో, రైతు ఉత్పత్తిదారుల సంఘంగానో కొంటేనే కిట్టుబాటు. కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో సన్న, చిన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 50 శాతం, మిగతావారికి 40 శాతం వరకు సబ్సిడీ ఉంటుంది, దానికి గరిష్ఠ పరిమితి ఉంటుంది. ఈ సీజన్‌లో మీ మండలానికి ఏ యంత్రాలు వచ్చాయో మీ ఏఈవోను (వ్యవసాయ విస్తరణ అధికారిని) రైతు వేదికలో అడగండి. సబ్సిడీ ఉంది కదా అని అవసరం లేని సైజు తీసుకోవద్దు.

మూడెకరాలు కాల్వ కింద, రెండెకరాలు చెలక ఉన్న రైతు అడిగితే ఇలా చెబుతాను: కాల్వ మళ్లలో విడిగా మురుగు దారి ఉన్న మడికి డ్రమ్ సీడర్, లేని మళ్లకు మిషన్ నాటు కిరాయికి, చెలకకు ప్లాంటర్ కిరాయికి. మొదటి ఏడాదే మూడెకరాలూ ఒకే కొత్త పద్ధతిలోకి మార్చకండి, ఒక మడి చాలు. కంపసాగర్, పాలెం పరిశోధన కేంద్రాల పక్కనున్న కృషి విజ్ఞాన కేంద్రాల్లో వరి నేరుగా విత్తడం గురించి అడిగితే చెబుతారు. వీలైతే విత్తే రోజున కాకుండా విత్తిన 20వ రోజున చూడటానికి పోండి, కలుపు సంగతి అప్పుడే కనిపిస్తుంది.

పాత డ్రిల్ కొనేవాళ్లు గింజ తోసే రోలర్ల పళ్లు అరిగాయా, గొట్టాలు చీలాయా, చాళ్ల మధ్య దూరం మార్చే బోల్టులు కదులుతున్నాయా చూసుకోవాలి. కొత్తది కొంటే మీరు వేసే ప్రతి పంట పళ్లెం యంత్రంతో పాటే ఇస్తారో లేదో బిల్లులో రాయించుకోండి. తర్వాత ఒక్క పళ్లెం కోసం సీజన్ మధ్యలో హైదరాబాద్ తిరగాల్సి వస్తుంది.